అమెరికాలో నల్లజాతి వాళ్లు ఇంకా ఎందుకు వెనకబడి ఉన్నారు? ఇంటి లోన్లు ఇచ్చినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. తిరుపతిలో బీటెక్ ముగించి ఎమ్మెస్‌కి అట్లాంటా పోతున్నారు. అక్కడున్న సీనియర్ ఒకతను "దక్షిణం వైపు రూమ్ చూసుకోవద్దు, అంతా నల్లవాళ్ల ఏరియా" అని చెప్పాడు. 1964లోనే జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది, ఒబామా రెండుసార్లు గెలిచాడు, అయినా వాళ్లు ఇంకా అట్లనే ఎందుకున్నారు? మనవాళ్లు రెండు సూట్‌కేసులతో పోయి ఇరవై ఏళ్లలో ఇళ్లు కొనుక్కున్నారు కదా, మరి తప్పు వాళ్లది కాదా?

ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో సగం మంది మనుషుల మనసులు మారాలన్నారు. మిగతా సగం మంది వాళ్లకి కష్టపడే గుణం లేదన్నారు. నాకు రెండూ సరిపోవనిపించింది. నేను ప్రొఫెసర్ని కాదు. ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పలమనేరు, చిత్తూరు, తిరుపతి బ్రాంచీల్లో ఎక్కువకాలం నా టేబుల్ మీద ఉన్నవి ఇంటి లోన్ ఫైళ్లే. మా అబ్బాయి అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాడు. అక్కడికి పోయి ఉన్నప్పుడు వేరే పనేమీ లేక ఆ దేశంలో ఇళ్ల లోన్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే: ఈ అంతరం నడవడానికి ఇప్పుడు ఎవరూ ఎవరినీ ద్వేషించాల్సిన అవసరం లేదు. పాత ఫైళ్లే దాన్ని నడిపిస్తున్నాయి.

1930కి ముందు అమెరికాలో ఇంటి లోన్ కావాలంటే సగం డబ్బు మన చేతిలో ఉండాలి. మిగతాది ఐదారేళ్లకి ఇచ్చి, చివర్లో అసలు మొత్తం ఒక్కసారిగా కట్టమనేవాళ్లు. 1929 మాంద్యం దెబ్బకి జనం కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నారు. 1933లో ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టి మునిగిపోతున్న లోన్లను కొనింది. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది. ఎఫ్‌హెచ్‌ఏ అంటారు. ఇది తాను లోన్ ఇవ్వదు, బ్యాంకు ఇచ్చిన లోన్‌కి ఇన్సూరెన్స్ ఇస్తుంది. లోన్ తీసుకున్నవాడు కట్టకపోయినా బ్యాంకు డబ్బు ఎక్కడికీ పోదు. దాంతో బ్యాంకులు ధైర్యం చేసి ఇరవై, ఇరవై ఐదేళ్లకి, ఐదో వంతో అంతకంటే తక్కువో మార్జిన్ మనీ (కొనేవాడు చేతి నుంచి పెట్టే వాటా) తీసుకుని లోన్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. జీతగాడు సొంతింటివాడైంది ఈ ఒక్క మార్పుతోనే. బ్యాంకులో కూర్చున్న వాళ్లకి దీని బరువు చప్పున తెలుస్తుంది. గ్యారంటీ ఉన్న లోన్ వేరు, లేని లోన్ వేరు.

ఆ గ్యారంటీ ఎవరికిచ్చారన్నదే అసలు సంగతి. హోమ్ ఓనర్స్ కార్పొరేషన్ రెండు వందలకు పైగా నగరాలకి మ్యాపులు గీయించింది. మంచి ఏరియాలకి పచ్చ రంగు, తర్వాత నీలం, దిగజారుతున్న వాటికి పసుపు, ప్రమాదకరం అన్నవాటికి ఎరుపు. ఒక్కో ఏరియాకి ఒక ఇన్‌స్పెక్షన్ ఫారం ఉండేది. ఆ ఫారాల నకళ్లు చూశాను. మేం నింపిన రిపోర్టుల మాదిరే ఉన్నాయి: ఇళ్ల వయసు, మరమ్మతుల స్థితి, అద్దెలు, అమ్మకం ధరలు. వాటి మధ్యలోనే ఇంకో గడి: నీగ్రోలు ఉన్నారా, ఉంటే ఎంత శాతం. పైకప్పు కారుతోందా అని రాసే చోటే ఇది కూడా. ఆ గడి నింపిన ఉద్యోగి రాక్షసుడేమీ అయ్యుండడు. సాయంత్రం లోపల ఫారం పూర్తి చేసి పై ఆఫీసుకి పంపాలనుకున్న గుమాస్తా అయ్యుంటాడు.

ఒక మాట పక్కన చెప్పుకోవాలి. ఎర్ర మ్యాపులకి పేరు ఎక్కువొచ్చింది గానీ, ఎక్కువ నష్టం చేసింది ఎఫ్‌హెచ్‌ఏ నియమావళి అని ఈమధ్య చరిత్రకారులు అంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. మ్యాపు గోడకి తగిలించుకునేది, నియమావళి రోజూ తీసి చూసుకునేది. జాతులు కలిసి ఉంటే ఆస్తి విలువ పడిపోతుందని ఆ నియమావళిలోనే రాసి ఉంది. దస్తావేజులోనే "తెల్లవాళ్లు కానివాళ్లకి అమ్మకూడదు" అన్న షరతు పెట్టించడం మంచిదని కూడా రాశారు. 1941లో డెట్రాయిట్‌లో ఒక బిల్డర్ తెల్లవాళ్ల కోసం లేఅవుట్ వేశాడు. పక్కనే నల్లజాతి వాళ్ల ఇళ్లున్నాయని ఎఫ్‌హెచ్‌ఏ ఒప్పుకోలేదు. ఆయన రెండింటికీ మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీట్ గోడ కట్టాడు. అప్పుడు అప్రూవల్ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక లక్షలమంది సైనికులు ఇంటికొచ్చారు. 1944 చట్టం ప్రకారం వాళ్లకి ప్రభుత్వ హామీతో ఇంటి లోన్ వస్తుంది, చాలాసార్లు చేతి నుంచి ఒక్క డాలర్ పెట్టకుండానే. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి కొన్నేళ్లలో పదిహేడు వేలకు పైగా ఇళ్లు కట్టారు. ఇల్లు ఎనిమిది వేల డాలర్ల లోపే. కాకేసియన్ (తెల్ల) జాతి కానివాళ్లు ఆ ఇంట్లో ఉండకూడదని మొదట్లో ఒప్పందంలోనే రాశారు, పనిమనుషులకి మాత్రం మినహాయింపు. ఒకే యుద్ధం, ఒకే యూనిఫాం. ఒకడికి ఇంటి తాళం ఇచ్చారు, ఇంకొకణ్ని అద్దింటికి పంపారు.

దస్తావేజుల్లో అట్లాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో, లోన్లలో వివక్ష నిషేధిస్తూ చట్టం వచ్చింది. మీరు 1964 అన్నారు, నా లెక్కలో ముఖ్యమైన సంవత్సరం 1968. కానీ అప్పటికే ముప్పై నాలుగేళ్ల పాటు చవక ఇళ్లు పంచడం జరిగిపోయింది. చట్టం వచ్చిన రోజున నల్లజాతి కుటుంబానికి "ఇక మీరూ కొనుక్కోవచ్చు" అన్నారు. అయితే అప్పటి రేటుకి. ఎనిమిది వేలకి కొన్నవాడి ఇల్లు ఆ సరికే ఎన్నో రెట్లు పెరిగింది. ఆ ఇంటి మీద లోన్ తీసి పిల్లల్ని కాలేజీకి పంపాడు. ఆ పిల్లలకి ఇల్లు కొనేటప్పుడు మార్జిన్ సర్దాడు. పోతూ పోతూ ఆ ఇల్లు వాళ్లకే రాసిచ్చాడు.

లోన్ దొరకని వాళ్ల సంగతేమిటి? షికాగోలో 1950, 60ల్లో నల్లజాతి వాళ్లు కాంట్రాక్టు మీద ఇళ్లు కొన్నారు. మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా అగ్రిమెంట్ మీద స్థలం కొని నెలనెలా కట్టడం తెలుసు కదా, అట్లాంటిదే. తేడా ఏమిటంటే, ఒక్క నెల వాయిదా తప్పినా ఇల్లు అమ్మినవాడికే పోతుంది, కట్టిందంతా పోతుంది. అదే ఇంటిని అతను ఇంకో కుటుంబానికి మళ్లీ అమ్ముతాడు. ధర కూడా అతను కొన్న దానికి రెట్టింపు, అంతకు పైన. 1968లో లాన్‌డేల్ పేటలో ఈ బాధితులంతా సంఘం కట్టి వాయిదాలు ఆపేశారు. వాళ్ల వాయిదాల లెక్క చూస్తే కష్టపడే గుణం లేదన్న మాట నోట రాదు. పక్క పేటలో తెల్లవాడు కట్టే కిస్తీ కంటే ఎక్కువ కడుతూ వచ్చారు, చివరికి చేతిలో దస్తావేజు లేదు.

ఇంకా వెనక్కి పోతే, బానిసత్వం నుంచి బయటపడిన వాళ్ల పొదుపు కోసం 1865లో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. పైవాళ్ల అక్రమాలతో, పిచ్చి పెట్టుబడులతో 1874లో అది మూతపడింది. అరవై వేలకు పైగా ఖాతాదారుల డబ్బు, దాదాపు ముప్పై లక్షల డాలర్లు, చిక్కుకుపోయింది. కొందరికి కొంత వచ్చింది, చాలామందికి ఏమీ రాలేదు. 1921లో టల్సాలో నల్లజాతి వ్యాపారుల పేట గ్రీన్‌వుడ్‌ని ముప్పై ఐదు వీధుల మేర తగలబెట్టారు. ఇన్సూరెన్స్ కంపెనీలు అల్లర్ల నష్టం మాది కాదన్నాయి. బ్యాంకు పనిలో ఉన్నవాణ్ని కాబట్టేమో, మిగతా దౌర్జన్యాల కంటే నాకు ఈ రెండూ ఎక్కువ బాధ కలిగించాయి. దాచుకోమన్నారు, దాచుకున్నారు. సంపాదించమన్నారు, సంపాదించారు.

ఇప్పటి అంకెలు చూడండి. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం మధ్యస్థ (ఆస్తి వరసలో సరిగ్గా మధ్యన ఉన్న) తెల్లజాతి కుటుంబం నికర ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబానిది 44,900. ఆరు రెట్లకు పైగా తేడా. సొంతిల్లు ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో వందకి 70 మందికి పైగా, నల్లవాళ్లలో 45 దగ్గర. 1960లో ఆ రెండింటి మధ్య తేడా ఎంతుండేదో ఇప్పుడూ దాదాపు అంతే, కొంచెం ఎక్కువే. ఏమీ మారలేదని నేననడం లేదు. 1959లో నల్లజాతి వాళ్లలో సగానికి పైగా, 55 శాతం, పేదరికంలో ఉండేవాళ్లు. 2022లో 17 శాతం. చదువు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, జీతాలు పెరిగాయి. ఆస్తి మాత్రం రాలేదు. ఎందుకంటే జీతం మనం తెచ్చుకునేది, ఆస్తిలో పెద్ద భాగం తాత నుంచి వచ్చేది.

ఇప్పుడు మీ రెండు సూట్‌కేసుల దగ్గరికి వద్దాం. మీ ఫైల్ నేను చూడలేదు. కానీ తిరుపతి నుంచి అమెరికా పోయే పిల్లల ఫైళ్లు చాలా చూశాను. ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోన్‌కి మా బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. ఇల్లో, స్థలమో, డిపాజిట్టో. లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు), ఈసీ, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ సరిపోతేనే శాంక్షన్. అంటే మీతో పాటు విమానం ఎక్కేది రెండు సూట్‌కేసులు మాత్రమే కాదు. మీ నాయనో, తాతో ఎప్పుడో ఎస్టీవీ నగర్లోనో కొర్లగుంటలోనో కొన్న ఇంటి దస్తావేజు కూడా మీ వెనకాలే వస్తోంది. అది బ్యాంకు లాకర్లో ఉంటుంది కాబట్టి కనపడదు, అంతే.

ఇదే ఊళ్లో ఇంకో కుర్రాణ్ని తీసుకోండి. మార్కులు మీవే, కాలేజీ మీదే, సీటు కూడా వచ్చింది. వాళ్ల నాయన పేరు మీద ఉన్నది డీకేటీ పట్టా. తెలియని వాళ్లకి చెప్తున్నా: భూమి లేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమికి మన జిల్లాలో వాడే మాట ఇది. పేదవాడి చేతి నుంచి ఆసామి లాక్కోకుండా 1977లో చట్టం తెచ్చి దాని అమ్మకాన్ని నిషేధించారు. మంచి ఉద్దేశమే. తర్వాత ఈమధ్య కొన్ని సడలింపులు కూడా వచ్చాయి. కానీ ఇన్నాళ్లూ బ్యాంకు టేబుల్ మీద దాని విలువేమిటి? పంట లోన్ ఇస్తాం. పెద్ద చదువుకో, పక్కా ఇంటికో తాకట్టు పెడతానంటే లాయరు "మార్కెటబుల్ టైటిల్ కాదు" అని ఒక్క లైను రాస్తాడు. ఫైలు మూసేస్తాం. ఆ లాయరుకి ఆ కుర్రాడి కులం మీద కోపం లేదు. నాకూ లేదు. సంతకం మాత్రం నాదే.

చిత్తూరు జిల్లా అడ్రసులు మీకు తెలుసు. ఊరి పేరు పక్కన హరిజనవాడ, అరుంధతివాడ, ఎస్టీ కాలనీ అని ఉంటుంది. ఆధార్లో కూడా అదే. పేరు చూడకుండానే అడ్రసు చూసి ఎవరో చెప్పేయొచ్చు. ఇక ప్రైవేటు ఫైనాన్స్ లోకంలో "నెగటివ్ ఏరియా" అన్న మాట వాడతారు. ఫలానా వీధుల నుంచి అప్లికేషన్ వస్తే ఫీల్డ్ వెరిఫికేషన్‌కి కూడా పోకుండా పక్కన పెట్టేస్తారు. కారణం అడిగితే అక్కడ వసూళ్లు కష్టమంటారు. అందులో కులం, మతం అన్న మాట ఎక్కడా రాసి ఉండదు. ఏయే వీధులో ఊళ్లో వాళ్లకి తెలిసినా ఎవరూ పైకి చెప్పరు. షికాగోలో ఎర్ర రంగు వేసినవాడూ వసూళ్ల గురించే మాట్లాడాడు.

దేశం మొత్తం చూస్తే 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్లు సాగుచేసే భూమి 9 శాతం లోపే. ఇందులో ఇప్పటి వివక్ష ఎంత, తాతల నాటి పంపకం ఎంత అని విడదీయడం నాకు చేతకాదు. రెండోది లేకుండా మొదటి దాన్ని లెక్కకట్టే వాళ్లని మాత్రం నమ్మను.

అమెరికా జాతివివక్షా, మన కులమూ ఒకటేనా అని కొందరు వాదనకి వస్తారు. ఒకటి కాదు. అక్కడ ఒంటి రంగు కనిపిస్తుంది, ఇక్కడ ఇంటిపేరు అడగాలి. పోలిక మాత్రం కొత్తగా పుట్టింది కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. అమెరికాలో నీగ్రోల స్థితికీ ఇక్కడ అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందని, ఐక్యరాజ్యసమితికి వాళ్లు పెట్టుకున్న విన్నపం ప్రతులు కావాలని అడిగారు. డుబాయిస్ జవాబు కూడా రాశారు. ఆ ఇద్దరికీ కనపడిన పోలిక మనకి కనపడకపోతే మనం చూడదలచుకోలేదనే అర్థం.

"మనవాళ్లు బాగుపడ్డారు కదా" అన్నదానికి ఇంకో సగం జవాబుంది. మనల్ని వడకట్టి తీసుకున్నారు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని తేల్చింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటికే పౌరసత్వం ఉన్న మరికొందరి దగ్గరా వెనక్కి లాక్కున్నారు. 1946లో తలుపు కొంచెం తీశారు, ఏడాదికి వందమందికి. 1965లో వచ్చిన వలస చట్టంతోనే మన డాక్టర్లు, ఇంజనీర్లు పోగలిగారు. నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని, జైళ్లకి పోయి నడిపిన హక్కుల ఉద్యమం వేడిలోనే ఆ చట్టం పుట్టింది. అదే ఏడు ఓటుహక్కు చట్టం కూడా వచ్చింది. ఆ తలుపులోంచి మనం డిగ్రీ పట్టాలు పట్టుకుని లోపలికి పోయాం. అక్కడి భారతీయుల్లో నాలుగింట మూడొంతుల మందికి డిగ్రీ ఉంది. మన దేశంలో అంత ఉందా? మొత్తం జనంలోంచి మెరిట్ లిస్టు తీసి, ఆ లిస్టుని ఇంకో దేశపు మొత్తం జనంతో పోలిస్తే లెక్క ఎట్ల కుదురుతుంది?

కమ్మింగ్ సంగతి చెప్పకుండా వదలలేను. మీరు పోయాక వారాంతంలో ఎవరో ఒకరు అక్కడికి భోజనానికి పిలుస్తారు. తెలుగువాళ్లు అంతమంది ఉన్నారు. అది ఫోర్సిత్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1912లో ఒక తెల్లజాతి యువతి హత్య తర్వాత అక్కడ ఒక నల్లజాతి వ్యక్తిని జైల్లోంచి లాగి చంపారు. విచారణ పేరుతో ఇద్దరు కుర్రవాళ్లని ఉరితీశారు. తర్వాత రాత్రిళ్లు గుంపులుగా తిరిగి ఇళ్లకి, చర్చిలకి నిప్పు పెట్టి కౌంటీలోని నల్లజాతి వాళ్లందర్నీ, దాదాపు 1,100 మందిని, తరిమేశారు. వాళ్లలో సొంత పొలాలున్న రైతులున్నారు. కొందరు వచ్చిన ధరకి అమ్ముకున్నారు. కొందరి భూములు అమ్మకం పత్రమే లేకుండా పక్కవాళ్ల పేర్ల మీదికి చేరాయి, పన్ను వాళ్లు కట్టుకుంటూ పోయారు, అంతే. లింక్ డాక్యుమెంట్లు అడిగే అలవాటున్న వాడిగా నాకు ఆ విషయం చదివాక నిద్ర పట్టలేదు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా ఆ కౌంటీలో నల్లజాతి వాళ్లని ఉండనివ్వలేదు. 1987 జనవరిలో హక్కుల ఊరేగింపు పోతే రాళ్లు విసిరారు. వారం తిరిగేసరికి ఇరవై వేలమంది మళ్లీ నడిచారు.

ఇప్పుడు ఆ కౌంటీలో బడులు బాగుంటాయి, ఇళ్ల రేట్లు బాగా పెరిగాయి, జనాభాలో ఆరో వంతుకి పైగా ఆసియా వాళ్లు. 2020 జనాభా లెక్కల్లో నల్లజాతి వాళ్లు వందకి ఐదుగురు కూడా లేరు. మా అబ్బాయి ఎవరినీ తరమలేదు. నెలనెలా కిస్తీ కడుతున్నాడు, అంతే. అయినా ఆ ఇంటి విలువ పెరిగే కొద్దీ నా మనవరాలికి దక్కే ఆస్తి, 1912లో అక్కడి నుంచి రాత్రికి రాత్రి పోయిన రైతు మునిమనవడికి దక్కలేదు. మా వాళ్లతో ఈ మాట అంటే భోజనాల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రియల్ ఎస్టేట్ రేట్ల మీదికి మళ్లింది.

సరే, ఇప్పుడు వివక్ష అసలు లేదా, అంతా పాత లెక్కేనా? ఉంది. కొలిచి చూశారు. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకి దాదాపు ఐదు వేల రెజ్యూమెలు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. తెల్లవాళ్ల పేర్లకి యాభై శాతం ఎక్కువ కాల్స్ వచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఇదే పద్ధతిలో పత్రికా ప్రకటనలకి దరఖాస్తులు పంపి 2007లో ఫలితాలు ప్రకటించారు. దళితుల పేర్లకి, ముస్లింల పేర్లకి పిలుపులు తగ్గాయి. ఆ కంపెనీల హెచ్ఆర్ వాళ్లని అడిగితే మెరిట్ తప్ప ఇంకేమీ చూడం అంటారు. అబద్ధం చెప్తున్నామని వాళ్లకి తెలియకపోవచ్చు కూడా.

మీరు కంప్యూటర్ సైన్స్ అంటున్నారు కాబట్టి ఇది కూడా. 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి. అందులో జాతి అన్న ఫీల్డే లేదు. జబ్బు తీవ్రతకి బదులు గతంలో వైద్యానికి అయిన ఖర్చుని చూసింది. నల్లజాతి వాళ్ల మీద మొదటి నుంచీ ఖర్చు తక్కువ, కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారనుకుంది. దాన్ని సరిచేస్తే అదనపు సాయం అందే వాళ్లలో నల్లజాతి వాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పోతుందని తేలింది. రేపు మీరే ఒక లోన్ స్కోరింగ్ మోడల్ రాస్తారు. పిన్‌కోడ్‌ని ఒక ఫీచర్‌గా పెడతారు. ఫలితాలు బాగా వస్తాయి, మేనేజర్ మెచ్చుకుంటాడు.

నేరాలు ఎక్కువ కదా అని కొందరు తప్పక అడుగుతారు. నేరం ఉంది. శిక్షలో తూకం ఎట్లుందో కూడా చూడాలి. 1986 చట్టంలో పేద నల్లజాతి పేటల్లో దొరికే క్రాక్ కొకెయిన్ ఐదు గ్రాములకి ఎంత శిక్షో, పొడి కొకెయిన్ ఐదు వందల గ్రాములకి అంతే శిక్ష. మత్తుమందు ఒకటే. 2010లో ఆ నూరు రెట్లని పద్దెనిమిది రెట్లకి తగ్గించారు, సమానం చేయలేదు. జైలుకి పోయినవాడి ఇంట్లో కిస్తీ ఎవరు కడతారు?

బడుల సంగతి చాలామందికి తెలియదు. అక్కడ ప్రభుత్వ బడికి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇంటిపన్ను నుంచే వస్తుంది. ఇళ్ల రేట్లు తక్కువున్న చోట బడికి డబ్బు తక్కువ. బడి బాగాలేని చోట ఇళ్ల రేట్లు పెరగవు. 2018లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ లెక్కకట్టింది: ఇల్లు, వసతులు ఒకటే అయినా, నల్లజాతి వాళ్లు ఎక్కువున్న పేటలో ఇంటికి సగటున 23 శాతం తక్కువ విలువ కడుతున్నారు. వాల్యుయేషన్ రిపోర్టులు ఎట్ల తయారవుతాయో నాకు తెలుసు. పక్క వీధిలో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ల రేటు చూసి రాస్తారు. పోయిన తరంలో తక్కువ కట్టినదే ఈ తరానికి ఆధారం. లోన్ దొరకడం మొదలయ్యాక దొరికినవీ ఖరీదైనవే. కంట్రీవైడ్ అనే పెద్ద లోన్ కంపెనీ అర్హతలు సమానమే అయినా నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) వాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసిందన్న కేసులో 2011లో 33.5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు.

మన పిల్లల మీద కూడా దాడులు జరుగుతున్నాయి కదా అన్న భయం మీ ప్రశ్న చివర్లో ఉంది. నిజమే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపారు. ఆ రకం ద్వేషానికి నల్లవాడు, భారతీయుడు అన్న తేడా ఉండదు. అట్లాగే 2016, 17ల్లో ఢిల్లీలో, గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల మీద మనవాళ్లు చేసిన దాడుల్ని కూడా గుర్తుపెట్టుకోండి. ఒక కాంగో యువకుడు చనిపోయాడు. ఇక్కడ మన తల్లిదండ్రులు పడే భయమే ఆఫ్రికాలో ఆ పిల్లల తల్లిదండ్రులూ పడ్డారు.

ఇక మీ రూమ్ సంగతి. అట్లాంటాకి కూడా 1938 నాటి ఎర్ర మ్యాపు ఉంది. రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్లు ఇట్లాంటి మ్యాపులన్నీ ఆన్‌లైన్లో పెట్టారు. మీ సీనియర్ వద్దన్న పేటని అందులో వెతికి చూడండి. ఎంత దక్షిణమైనా వీధికీ వీధికీ తేడా ఉంటుంది. పోలీసు శాఖ నేరాల వివరాలు వీధుల వారీగా పెడుతుంది. ఏరియా పేరు విని కాదు, అవి చూసి నిర్ణయించుకోండి. రాత్రి తొమ్మిదికి ఒకసారి నడిచి చూడగలిగితే ఇంకా మంచిది. 1968 చట్టం మీకూ వర్తిస్తుంది. జాతి, పుట్టిన దేశం చూసి అద్దెకి ఇవ్వనంటే ఏడాది లోపల అక్కడి గృహనిర్మాణ శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. అయితే మీకు ఎక్కువగా తగిలే అడ్డంకి క్రెడిట్ హిస్టరీ లేకపోవడమే. దానికి ముందుగానే రెండు నెలల డిపాజిట్ సిద్ధం చేసుకోండి.

మొదటి ఏడాది కారు ఉండదు కాబట్టి మార్టా రైలు స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో చూసుకోండి. ఆ రైలు ఉత్తరాన శివారు కౌంటీలకి ఎందుకు పోదని ఎవరినైనా అడగండి. 1971లో గ్విన్నెట్ కౌంటీ వాళ్లు మాకొద్దని ఓటేశారు, 2019లో మళ్లీ ఓటింగ్ పెడితే మళ్లీ వద్దన్నారు. నగరంలోంచి ఎవరు ఎక్కి వస్తారోనన్న భయం మొదటిసారి బాగా పనిచేసింది. 2019లో పన్నుల మాట ఎక్కువ వినపడింది. కమ్మింగ్ దాకా అయితే ఆ రైలు మాటే లేదు. మా వాడింటికి రావాలంటే ఎవరి కారులోనో రావాలి, నాకు మెసేజ్ పెడితే చెప్తాను.